లక్క యిల్లు ఒక్కటేనా?

మహాభారతములోని లక్క యింటి కథ తెలియని విద్యార్థి మన పాఠశాలలలో అరుదు. వారణావతములో పురోచనుడు పాండవులకొక భవనము కట్టించినాడు. చూడముచ్చటైన భవనము. లోపల అడుగు పెట్టిన ధర్మరాజునకు నేయి, లక్క కలిసిన వాసన సోకినది. అప్పటికి నిప్పు ఎవరూ పెట్టలేదు. పెట్టే రోజు ఇంకా చాలా దూరమున్నది. ఐనను, నిప్పంటుకొన్ననాడు ఆ యిల్లు ఎట్లా ప్రవర్తిస్తుందో ఆయనకు ఆ క్షణముననే తెలిసిపోయినది. తరువాత విదురుడు పంపిన ఖనకుడు వచ్చి నేల అడుగున బిలము త్రవ్వినాడు. నేటి మాటలలో చెప్పవలెనంటే, ఆ యింటికి మరొక ద్వారము అమర్చినాడు.

ఈ కథలో రెండు సంగతులను మనము తొందరగా దాటిపోతాము. ఆ రాత్రి ఆ యింట నిదురించిన నిషాద స్త్రీకి గాని, ఆమె అయిదుగురు కుమారులకు గాని ఆ బిలము సంగతి తెలియదు, వారు దగ్ధమైపోయినారు. ఇక రెండవది: వారణావత పౌరులు పరుగున వచ్చి, మండుతున్న యింటి చుట్టూ నిలిచి విలపించినారే కాని, లోనికి పోయినవారెవరూ లేరు. నేడు అట్లా కాదు. నేడు ఏ యిల్లు అంటుకొన్నా, లోనికి పోవడమే వృత్తిగా గలవారు కొందరు వస్తారు. ఆ యిల్లు కట్టినది వారు కారు. అందులో ఎవరేమి దాచినారో వారెరుగరు. మెట్లు ఎక్కడున్నవో, తలమీది కప్పును ఏది మోస్తున్నదో వారికి తెలియదు. వీపున గాలి సిలిండరు, చేత నీటి గొట్టము, ఎదుట పొగ. ఇంతే. ఈ వ్యాసము ముఖ్యముగా వారిని గురించినది.

మన దేశములో ఎక్కడ పెద్ద అగ్నిప్రమాదము జరిగినా మరునాటి పత్రికలలో రెండు మాటలు తప్పక కనబడతవి. ఒకటి షార్టు సర్క్యూటు, రెండు ఫైరింజను ఆలస్యము. ఆ రెండూ అబద్ధములని నేననను. తీగెలు కాలుతూనే ఉన్నవి. ఫైరింజన్లు చాలినన్ని లేవు, ఉన్నవాటికి వీధులలో దారి లేదు. కాని ఈ రెండు మాటలతో ఒక పెద్ద ప్రశ్నను మనము కప్పివేస్తున్నాము. నిప్పు పుట్టడము చాలసార్లు యాదృచ్ఛికము. పుట్టిన నిప్పు పెరగడము మాత్రము యాదృచ్ఛికము కాదు. అది ఏ దారిన పోవలెనో, ఎంత వేగముగా పోవలెనో, ఎవరిని చుట్టుముట్టవలెనో, ఆర్పవచ్చినవాని నెత్తిన ఏది ఎప్పుడు కూలవలెనో, ఇవన్నీ ఆ యింటికి శంకుస్థాపన చేసిననాడే చాలవరకు నిర్ణయమైపోతవి. మిగిలినవి ఆ యింట కాపురము చేసేవారు, వ్యాపారము చేసేవారు నిర్ణయిస్తారు. మంట ఆర్పేవాడు నిర్ణయించేది చాల స్వల్పము. ఐనా ఫలితమునకు బాధ్యుడు అతడే అన్నట్లు మాట్లాడడము మనకు అలవాటైపోయినది.

ఈ జ్ఞానము మన పల్లెవారికి పూర్వము లేకపోలేదు. ఎండాకాలములో పడమటి గాలి వీస్తుండగా తాటాకు యిళ్ళ పేటలో నిప్పు లేచినదనుకొనండి. అనుభవమున్న పెద్దలు మొదట చూచేది మండుతున్న యింటి వైపు కాదు. గాలివాలున ఉన్న యిళ్ళ వైపు. అటు రెండు మూడు యిళ్ళ కప్పులు, నిప్పు సోకకముందే, లాగి పడవేసేవారు. నిక్షేపమువంటి కప్పును యజమాని కన్నులయెదుట పీకివేయడమంటే సామాన్యము కాదు. కాని పోయేది ఆ మూడు కప్పులా, పేటంతయునా అన్నప్పుడు వాదించేవారుండరు. వంటయిల్లు ఎడముగా వేసుకొనడము, గడ్డివామిని యింటికి దూరముగా పెట్టడము, ఇవన్నీ నిప్పు నడిచే దారిని తెలిసినవారు చేసిన ఏర్పాట్లే. కొన్నిచోట్ల కప్పుకు క్రిందుగా కర్రలు పరచి, పైన దళసరిగా మట్టి మెత్తి అటక కట్టేవారు. పైనున్న ఆకంతా కాలిపోయినా, మట్టి ఆ నిప్పును క్రిందికి దిగనీయదు. ఇంజనీరింగు గ్రంథములలో అగ్నినిరోధకమైన పైకప్పు అని వ్రాసేది దీనినే. ఆ మట్టి మెత్తిన అవ్వకు ఆ పేరు తెలియదు.

పూరియింటికి ఇంకొక గుణమున్నది. అది చాల వేగముగా కాలుతుంది, నిజమే. కాని నేలమీదనే ఉంటుంది. గుమ్మము నాలుగడుగుల దూరములో ఉంటుంది. పొగ కప్పులోనుండి పైకే పోతుంది. కప్పు కూలినా దాని బరువు తక్కువ. అందుచేత పూరియిల్లు తగులబడితే బీదవాని సర్వస్వమూ పోతుంది గాని, మెలకువగా ఉన్నవారు ప్రాణములతో బయటపడడము సర్వసాధారణము. ఆ కప్పునే తీసుకొనిపోయి మేడమీద పెట్టినామనుకొనండి. అప్పుడు కథ మారిపోతుంది.

2004వ సంవత్సరము జూలై 16వ తేదీన తమిళనాడులోని కుంభకోణములో జరిగినది అదే. మధ్యాహ్న భోజనము వండే పాకలో నిప్పు పుట్టినది. ఆ పాక కప్పునుండి బడి కప్పుకు ఎగబ్రాకినది. బడి పై అంతస్తుకు వేసినది కూడ ఆకుల కప్పే. క్రింద ఇటుక గోడలు, పైన పూరిపాక. నడుమ ఇరుకైన మెట్లు. పల్లెలోని పూరియింటి వేగమూ, పట్టణములోని మేడ నిర్బంధమూ రెండూ ఒకే భవనములో కలిసినవి. ఒక్కొక్కటి విడిగా ఉన్నప్పుడు మనిషి తప్పించుకొనడానికి ఏదో ఒక సందు ఉంటుంది. కలిసినప్పుడు లేకపోయినది. 94మంది పిల్లలు మరణించినారు. వారందరూ చిన్న తరగతులవారు. అగ్నిమాపక దళమువారు ఎంత వేగముగా వచ్చినా, ఎండిన ఆకుల కప్పు కాలడానికి పట్టే కాలము వారి ప్రయాణకాలముకంటె తక్కువ. ఆ లెక్క ముందే వేసుకొనవలసినది వారు కాదు. ఆ కప్పును అక్కడ వేసినవారు, వేయనిచ్చినవారు.

కుంభకోణము తరువాత విచారణ సంఘము కూర్చున్నది. పాఠశాలలపై ఆకుల కప్పులు తీసివేయించినారు. 2009వ సంవత్సరము ఏప్రిలులో సుప్రీముకోర్టు, చదువుకొనే హక్కులో సురక్షితమైన పాఠశాలలో చదువుకొనే హక్కు కూడ ఇమిడియున్నదని తీర్పు చెప్పినది. పాఠశాల భవనములు జాతీయ భవన నిర్మాణ నియమావళిని అనుసరించి ఉండవలెననీ, వాటిలో మంటలార్పే సాధనములుండవలెననీ ఆదేశించినది. ఆ తీర్పు ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకొనదగినది. మన బడులలో దానిని గురించి విన్నవారు ఎందరున్నారో నాకు సందేహమే.

ఆకు కప్పు పోయినది గనుక ఇక భయము లేదనుకొందామా? పెంకులు, కలప, ఇనుము, సిమెంటు, వీటిలో ఏ ఒక్కటీ నిప్పుముందు నిర్దోషి కాదు. ఒక్కొక్కదాని ద్రోహము ఒక్కొక్క తీరున ఉంటుంది. ఆ తీరు తెలియడమే మంట ఆర్పేవాని ప్రాణరక్షణ.

కలపను చూడండి. అది కాలేదే గనుక అన్నిటికంటె ప్రమాదకరమని మనమనుకొంటాము. కాని లావైన టేకు దూలము, మనమనుకొన్నంత సులభముగా లొంగదు. పైపొర బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి కలపకు కవచమవుతుంది. కాలుడు నిమిషమునకు ఒక మిల్లీమీటరులోపే లోపలికి దిగుతుంది. అడుగు మందము గల దూలము చాలసేపు నిలుస్తుంది. విరిగేముందు మూలుగుతుంది, క్రుంగుతుంది. ఆ మూలుగు వినగలవానికి బయటకు దూకడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. చిక్కు దూలములో కంటె దాని కొనలో ఎక్కువ. పాత భవనములలో దూలపు కొనలు గోడలోనికి చొప్పించి ఉంటవి. నడుమ విరిగి దూలము క్రిందికి వ్రాలితే, గోడలోనున్న కొన గునపమువలె పైకి లేచి గోడనే పెళ్ళగిస్తుంది. దీనిని గమనించి, పూర్వము అమెరికాలో వడ్రంగులు ఆ కొనను ఏటవాలుగా కోసి గోడలో పెట్టేవారు. దూలము కాలి విరిగితే గోడకు హాని లేకుండా జారి పడిపోతుంది. ఇల్లు కట్టేనాడే, ఎన్నడో రాబోయే మంటనూ, ఆనాడు ఆ గోడప్రక్కన నిలిచే మనిషినీ తలచుకొని ఒక రంపపు కోత కోసిన ఆ పనివారిని నేను మనసారా గౌరవిస్తాను.

ముంబయిలోని కాల్బాదేవి ప్రాంతమున 2015 మే 9వ తేదీన గోకుల్ నివాస్ అనే పాత కట్టడము అంటుకొన్నది. కలప విరివిగా వాడి కట్టిన భవనము, ఇరుకైన వీధి. దళము వచ్చినది, నివాసులను బయటకు పంపినది, అధికారులే ముందు నిలిచి పనిచేసినారు. భవనము కూలినది. ఇద్దరు అధికారులు ఆనాడే మరణించినారు. కాలిన గాయములతో మరి ఇద్దరు తరువాతి రోజులలో ఆసుపత్రిలో కన్నుమూసినారు; వారిలో ఒకరు ఆ మహానగరపు అగ్నిమాపక దళమునకంతటికీ ముఖ్యాధికారి. ఒక నగరము ఒకే యింటి శిథిలములలో తన అనుభవజ్ఞులను నలుగురిని పోగొట్టుకొన్నది. మంట వారిని చంపినదనడముకంటె భవనము చంపినదనడమే సరియైన మాట.

లావైన దూలమునకు బదులు సన్నని కర్రలనో, ఇనుప కడ్డీలనో త్రికోణములుగా బిగించి కప్పు మోయించే పద్ధతి ఉన్నది గదా. పనివారు ట్రస్సు అంటారు. సినిమాహాళ్ళకు, గోదాములకు, పెద్ద దుకాణములకు, నడుమ స్తంభము లేకుండ విశాలమైన చోటు కావలసినప్పుడు ఇది వాడుతారు. తక్కువ సామగ్రితో ఎక్కువ బరువు మోస్తుంది. గణితము చదివే విద్యార్థికి ఎంతో అందమైన సంగతి. కాని ఆ అందములోనే చిక్కున్నది. అందులో ప్రతి కర్రా మరొక కర్రమీద ఆధారపడి ఉన్నది. ఒక్క అతుకు వదిలితే ఒక మూల మాత్రమే కూలదు, ఎంతో భాగము ఒక్కుమ్మడిగా కూలుతుంది. మూలుగు ఉండదు, క్రుంగుడు ఉండదు. 1978 ఆగస్టు 2వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో ఒక పెద్ద సరుకుల దుకాణము కప్పుపై నిలిచి పనిచేస్తున్న ఫైర్‌మన్‌లు అట్లాగే ఆ కప్పుతోపాటు మంటలలో పడిపోయినారు. ఆరుగురు మరణించినారు. అది విల్లువలె వంగిన కొయ్య ట్రస్సు. పదేళ్ళ తరువాత, 1988 జూలై 1వ తేదీన, ప్రక్క రాష్ట్రమైన న్యూజెర్సీలో హాకెన్‌సాక్ అనే ఊర మోటారుకార్ల దుకాణములో అదేవిధమైన కప్పు కూలి అయిదుగురు మరణించినారు. మొదటి పాఠము రెండవవారికి అందలేదు.

రెండవ ప్రమాదము తరువాత న్యూజెర్సీలో ఒక చిన్న నియమము వచ్చినది. ట్రస్సులతో కట్టిన భవనముల ముంగిట ఒక త్రికోణపు గుర్తు అతికించవలెను. కప్పు ట్రస్సుదైతే ఒక అక్షరము, అంతస్తు ట్రస్సుదైతే మరొక అక్షరము, రెండూ ఐతే రెండూ. అర్ధరాత్రి వచ్చిన ఫైర్‌మన్ ఆ గుర్తు చూచి, ఇక్కడ కప్పెక్కరాదు, దాని క్రింద ఎక్కువసేపు నిలువరాదు అని తెలుసుకొంటాడు. జానెడు రేకుముక్క! దానికి పట్టే ఖర్చెంత? ఈ గుర్తు మన ఊళ్ళలో ఎందుకుండరాదని నేను చాలమందిని అడిగినాను. చాలమంది నవ్వినారు. కొందరు మాత్రము, ముందు అనుమతి లేకుండ కట్టిన అంతస్తులకు గుర్తు పెట్టించండి, తరువాత ట్రస్సు సంగతి చూడవచ్చునన్నారు. ఆ మాటలో పస లేకపోలేదు.

ఇనుము కాలదు గనుక ఇనుపకట్టడము క్షేమమని ఒక భ్రమ. ఇనుము కాలదు, మెత్తబడుతుంది. 550 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి ఉక్కు బలము ఇంచుమించు సగమవుతుంది. ఇంటి మంటలలో ఆ వేడి సామాన్యమే. అంతేకాదు, సాగుతుంది. పది మీటర్ల ఉక్కు దూలము 500 డిగ్రీలు వేడెక్కితే ఆరేడు సెంటీమీటర్లు పెరుగుతుంది. భౌతికశాస్త్రములో వ్యాకోచమును గురించి చదివిన ప్రతి విద్యార్థీ ఈ లెక్క తానే వేసి చూచుకొనవచ్చును. ఆ ఆరేడు సెంటీమీటర్లు ఎటు పోవలెను? రెండు ప్రక్కలనున్న గోడలను బయటకు నెట్టుకొని పోతవి. అందుకే కూలే అవకాశమున్న గోడకు, దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరమైనా ఎడముగా నిలువవలెనని అగ్నిమాపక శిక్షణలో నేర్పుతారు. మన సందులలో అంత దూరము వెనుకకు జరిగితే ఎదుటివారి పడకగదిలో ఉంటాము! 2017 జనవరి 19వ తేదీన టెహరాన్‌లో ప్లాస్కో అనే పదిహేడంతస్తుల ఉక్కు భవనము, మంట మొదలైన మూడున్నర గంటలలో నేలమట్టమైనది. 1960 ప్రాంతములలో కట్టిన ఆ భవనము నిండ బట్టలు కుట్టే కార్ఖానాలుండేవి. లోపలనున్న ఫైర్‌మన్‌లలో పదహారుమంది మరణించినారు.

ఇక సిమెంటు కాంక్రీటు. నేడు మనమందరము నమ్ముకొన్నది దీనినే. నిజానికి ఇది మంచి పదార్థమే. లోపలి ఇనుపచువ్వలను కప్పుతూ సరియైన మందమున కాంక్రీటు ఉన్నంతవరకు అది గంటలకొలది నిలుస్తుంది. ఆ పొర పలుచబడితే, లేక వేడికి లోపలి తేమ ఆవిరియై పొర పగిలి రాలిపోతే, చువ్వలు బయటపడతవి. అప్పుడు అది కాంక్రీటు తొడుగు లేని ఇనుపకట్టడమే. పైగా అయిదంగుళముల శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది. దానిమీద సరుకు బరువు. ఆ సరుకుమీద మనము పోసే నీరు. ఇక్కడ మరొక లెక్క: నిమిషమునకు 500 లీటర్లు చిమ్మే గొట్టములు రెండు ఇరవై నిమిషములు పనిచేస్తే పైకి పంపిన నీరు ఇరవై టన్నులు. బయటకు పోయే దారి లేకపోతే, ఆ నీటిని బట్టల మూటలు పీల్చుకొంటే, ఆ బరువంతా మంటలో బలహీనపడిన శ్లాబుమీదనే. ఆర్పేవాడు తన చేతులారా తన నెత్తిమీది బరువు పెంచుకొంటున్నాడన్నమాట. 2023 జనవరి 19వ తేదీన సికింద్రాబాదులో మినిస్టరు రోడ్డున సరుకుతో నిండిన ఒక భవనము గంటలతరబడి కాలినప్పుడు, లోపలి శ్లాబులు దెబ్బతిని, సిబ్బంది వెంటనే లోనికి పోయి వెదకడము అసాధ్యమైనది. ముగ్గురు కార్మికులు అందులో చిక్కుకొనిపోయినారు.

ఐతే మన నగరములలో మనుష్యులను ఎక్కువగా చంపుతున్నది కూలే శ్లాబు కాదు, పొగ. దానికి కారణము కట్టడముతోపాటు మనము లోపల నింపుకొన్న వస్తువులు. మా చిన్ననాటి యిళ్ళలో ఏముండేవి? నులక మంచము, దూది పరుపు, టేకు బీరువా, ఇత్తడి సామాను. నేటి గదిలో నురుగు పరుపులు, ప్లాస్టికు కుర్చీలు, కృత్రిమ నూలు తెరలు, జిగురుతో అతికించిన పలకలు. ఇవన్నీ రాతినూనె బిడ్డలే. అమెరికాలోని పరిశోధకులు రెండు రకముల గదులను ప్రక్కప్రక్కన కాల్చి చూచినారు. పాతకాలపు సామానుగల గది మొత్తముగా భగ్గుమనడానికి అరగంట దరిదాపుల పట్టినది. కొత్త సామానుగల గదికి అయిదు నిమిషములైన పట్టలేదు. ఫైరింజను ఎంత ముందుగా బయలుదేరినా, ఆ అయిదు నిమిషములలో ఏ ఊర చేరగలదు?

దీనికి తోడు భవనముల ముఖములకు అద్దములు బిగిస్తున్నాము. కిటికీ తెరవడానికి వీలుండదు. పొగకు బయటకు పోయే దారి మెట్లదారి ఒక్కటే, మనుష్యులకూ అదే. అట్లా మూసియున్న గదిలో గాలి చాలక మంట అణగిపోయినట్లు కనబడుతుంది. ఆరిపోలేదు, ఆకలితో పడియున్నది. వేడి పొగ నిండ కాలని వాయువులుంటవి. ఫైర్‌మన్ వచ్చి తలుపు తెరుస్తాడు. ఆ తలుపుగుండా లోనికి పోయేది అతడొక్కడే కాదు, గాలి కూడ పోతుంది. క్షణములో గదంతా మంటయై అతని మీదికి వస్తుంది. రక్షించడానికి తెరచిన తలుపే అతని పాలిటి మృత్యుద్వారము. అందుచేతనే వారు తలుపును ముందు తాకి, దాని వేడి చూచి, సందులలో పొగ లోనికి పీల్చుకొంటున్నదా బయటకు ఊపుతున్నదా అని గమనించి, వంగి, ప్రక్కకు ఒదిగి తెరుస్తారు. బయట గుమిగూడిన మనము, ఏమిటీ ఆలస్యమని కేకలు వేస్తాము. కొందరు ఉత్సాహవంతులు రాళ్ళతో అద్దములు పగులగొట్టి మంటకు కావలసిన గాలిని తామే ఇస్తారు.

2022 సెప్టెంబరు 12వ తేదీన సికింద్రాబాదులో క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణము, పైన వసతిగృహము ఉన్న భవనములో మంట లేచినది. పొగ మెట్లదారినే పైకి పోయినది. ఎనిమిదిమంది మరణించినారు. ఆరు నెలలు తిరిగినవో లేదో, 2023 మార్చి 16వ తేదీన అదే సికింద్రాబాదులో మరొక బహుళ అంతస్తుల భవనములో ఆరుగురు యువతీయువకులు పొగకు బలియైనారు. 2025 మే 18వ తేదీన హైదరాబాదు పాతబస్తీలో గుల్జార్ హౌజ్ వద్ద, క్రింద దుకాణములు పైన నివాసము ఉన్న ఇంటిలో, ఇరుకైన దారిగుండ బయటపడలేక చిన్నపిల్లలతో సహా 17మంది మరణించినారు. వసతిగృహములో ఒక రాత్రి బస చేసినవానికి ఆ భవనములో వెనుకమెట్లున్నవో లేవో ఎట్లా తెలుస్తుంది? లక్క యింట నిదురించిన నిషాద స్త్రీ గుర్తుకు వస్తుంది నాకు.

ఫైర్‌మన్ కూడ ఆ క్షణమున ఆమెవంటివాడే. అతడు కూడ కొత్తవాడే ఆ యింటికి. అమెరికాలో ఫ్రాన్సిస్ బ్రానిగన్ అనే ఆయన 1971లో అగ్నిమాపక దళములకోసమే భవననిర్మాణముపై ఒక పెద్ద గ్రంథము ప్రచురించినాడు. మంటనుగూర్చి మాత్రమే చదివి మంట ఆర్పబోవడము ఆత్మహత్య. ముందు కట్టడమును చదవమన్నది ఆయన బోధ. ఈ పుస్తకము అక్కడ తరతరముల ఫైర్‌మన్‌లకు పాఠ్యగ్రంథమైనది. భవనమును చదవడము అంటే ఏమిటి? బయట నిలిచి గోడ చూచి, ఇది బరువు మోసే గోడా, కేవలము అడ్డుగోడా అని చెప్పగలగడము. తరువాత చేర్చిన అంతస్తు ఏది, గోడలో పుట్టిన కొత్త పగులు ఏది, సెల్లారులో ఏమున్నది అని ఊహించగలగడము. కాని ఊహకంటె మంచిది ఒకటున్నది. అది ముందుగా తెలియడము.

ఏప్రిలు 14వ తేదీన దేశమంతటా అగ్నిమాపక దినము జరుపుతారు. బడులలో ఉపన్యాసములు కూడ ఉంటవి. ఆ తేదీ ఎందుకు ఏర్పడినదో పిల్లలకు చెప్పడము మాత్రము అరుదు. 1944లో ఆనాడు బొంబాయి విక్టోరియా డాకులో ఒక ఓడ పేలిపోయినది. దానిలో దూదిబేళ్ళున్నవి, వాటితోపాటే వందల టన్నుల పేలుడు సామగ్రి ఉన్నది. దూది అంటుకొన్నదని వచ్చి నీళ్ళు పోస్తున్న దళమువారిలో 66మంది ఆ పేలుడులో పోయినారు. ఓడ ఇల్లు కాదందురు గాక. దూదినీ మందుగుండునూ ఒకే కడుపులో పెట్టి పొరుగున మనిషిని నిలబెట్టడము, సెల్లారులో బ్యాటరీలు పెట్టి పైన జనమును నిదురపుచ్చడము, ఈ రెంటికీ తేడా పరిమాణములోనే.

మనము చేయవలసిన పని చాల చిన్నదని నా అభిప్రాయము. పెద్ద పనులు ప్రభుత్వమువి, ఇంజనీర్లవి. నియమావళి ఉన్నది, 2016లో సవరించినది కూడ ఉన్నది, దానిని అమలు జరిపే అధికారులు ఉన్నారు. వారిని ప్రశ్నించడము మానరాదు. కాని వారికోసము వేచియుండనక్కరలేని పని ఒకటున్నది. ప్రతి పాఠశాలలోనూ తొమ్మిదవ తరగతి పిల్లలు తమ బడి పటము తామే గీయవచ్చును. ఏ గది ఎక్కడ, మెట్లు ఎన్ని, ఏ తలుపు ఎటు తెరుచుకొంటుంది, కప్పు శ్లాబా రేకులా, వంటశాలలో గ్యాసు బండలెక్కడ, కరెంటు మీట ఎక్కడ, నీటి తొట్టి ఎంత దూరము, ఫైరింజను ఏ గేటు వరకు రాగలదు. క్షేత్రగణితము, భౌతికశాస్త్రము, చిత్రలేఖనము మూడూ అందులో ఉన్నవి. ఆ పటము ప్రతి ఒకటి దగ్గరలోని అగ్నిమాపక కేంద్రమునకు ఇచ్చి, ఒక పర్యాయము వారిని పిలిచి బడి చూపించవలెను. ఇది పిల్లలను భయపెట్టడము కాదా అని ఒక మిత్రుడన్నాడు. తుఫాను వచ్చే తీరములో పిల్లలకు తుఫానునుగూర్చి చెప్పడము భయపెట్టడమౌతుందా?

నేనీ ప్రయత్నము నా విద్యార్థులతో ఒకసారి చేసినాను. బడి పేరు అనవసరము. పిల్లలు రెండు రోజులు కొలిచి పటము గీసినారు. చక్కగా గీసినారు, ఒక బాలిక పటములో రెండవ మెట్లదారిని ఎర్ర సిరాతో కొట్టివేసినది. ఎందుకమ్మా అంటే, అది ఎప్పుడూ గ్రిల్లు వేసి తాళము పెట్టియుంటుంది గనుక దారి క్రింద లెక్క కాదు మాస్టారూ అన్నది. వెళ్ళి చూచినాను. మెట్లమీద విరిగిన బల్లలు, పాత ప్రశ్నపత్రముల కట్టలు పైవరకు పేర్చియున్నవి. తాళపుచెవికోసము నౌకరును పంపితే, అది పెద్దవారి సొరుగులో ఉన్నదనీ, సొరుగు తాళము వారివద్ద ఉన్నదనీ, వారు ఆనాడు సెలవుమీద ఊరికి వెళ్ళినారనీ తెలిసినది. మూడవనాడు తాళము తీసి, బల్లలూ కట్టలూ పిల్లలే మోసి క్రింద పెట్టినారు. ఆ బాలిక పటము మరల గీయలేదు. ఎర్ర గీత ప్రక్కనే ఆనాటి తేదీ వేసి, తెరిచినారు అని వ్రాసినది. ఆ క్రింద కొంత చోటు ఖాళీగా వదలిపెట్టినది.